బట్టీలో పుట్టే పరిమళం

పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం. మూడూ తెల్లటి పలుకులే. ఆయుర్వేద మందుల దుకాణంలో చిన్న చిన్న పొట్లాలుగా దొరుకుతాయి. దేనికది విడిగా మూతబెట్టి ఉంచితే పలుకులుగానే ఉంటాయి. మూడింటినీ సమపాళ్లలో ఒకే గాజు సీసాలో వేసి, మూత బిగించి కదిపి చూడండి. కాసేపటికి పలుకుల అంచులు తడుస్తాయి. ఇంకాసేపటికి సీసాలో తేటగా కదిలే ద్రవం తప్ప ఏమీ మిగలదు. అందులో నీళ్లు కలపలేదు, సీసాను పొయ్యి మీదా పెట్టలేదు. అమృతధార అనే పేరుతో అజీర్తికీ తలనొప్పికీ తరతరాలుగా ఇళ్లలో వాడుతున్నది దీన్నే.

పుదీనా పువ్వు అంటే మెంథాల్. అది 42 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వాము పువ్వు అంటే థైమాల్, దానికి 50 డిగ్రీల వేడి కావాలి. కర్పూరమైతే 175 డిగ్రీలు దాటితే తప్ప కరగదు. ఈ మూడూ ఒకచోట చేరాక ఒకదాని అణువులు ఇంకొకదాని అణువులను వరుసగా పేర్చుకోనివ్వవు. పేర్చుకోలేకపోతే పలుకు కట్టదు. అందుకే మిశ్రమం కరిగే వేడి మన గది వేడికన్నా కిందికి దిగిపోతుంది. రసాయన శాస్త్రంలో దీన్ని యూటెక్టిక్ అంటారు. ఆ పేరు తెలియకుండానే మన వైద్యులు దాన్ని సీసాలో పట్టి చూపించారు.

పేరుకు పువ్వులే గానీ పుదీనా పువ్వు ఏ మొక్కకూ పూయదు. పుదీనా జాతి మొక్కను ఆవిరి పట్టి నూనె తీసి, ఆ నూనెను బాగా చల్లబరిస్తే అందులో సూదుల్లా మెంథాల్ పేరుకుంటుంది. దాన్ని వేరుచేస్తే పుదీనా పువ్వు. వాము గింజల నూనె నుంచి వాము పువ్వు వస్తుంది. మనం హారతిలో వెలిగించే కర్పూరంలో చాలా భాగం నేడు కర్పూర చెట్టును చూసిందే కాదు. పైన్ చెట్ల జిగురు నుంచి వచ్చే టర్పెంటైన్‌తో దాన్ని ఫ్యాక్టరీల్లో తయారుచేస్తున్నారు. అందుకే హారతి కర్పూరాన్ని నోట్లో వేసుకోకూడదు.

సుగంధ తైలాల గురించి ఈ కథనంలో చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. ఆకులోనో పువ్వులోనో సిద్ధంగా ఉన్న తైలాన్ని మనం బయటికి పిండుకుంటున్నామని చాలామంది అనుకుంటారు. నిజానికి మొక్క చేసేది సగం పనే. మిగతా సగం నీరు, నిప్పు, బట్టీ దగ్గర కనిపెట్టుకుని ఉండే మనిషి చేస్తారు. ఒకే చేలో కోసిన ఒకే గడ్డి ఇద్దరి చేతుల్లో రెండు రకాల నూనె అవుతుంది. ధరలో తేడా, వాసనలో తేడా, ఒంటికి పడుతుందా పడదా అన్న తేడా చాలావరకు అక్కడే తేలిపోతాయి.

ఆకులో దాగినవి

నువ్వుల నూనె చుక్క ఒకటి, నీలగిరి తైలం చుక్క ఒకటి కాగితం మీద పక్కపక్కన వేయండి. నువ్వుల నూనె మరక మర్నాటికీ అక్కడే ఉంటుంది. నీలగిరి తైలం చుక్క ఎగిరిపోతుంది. రెండింటినీ నూనె అనే పిలుస్తున్నా వాటికి చుట్టరికం లేదు. ఒకటి కొవ్వు. అది ఆవిరి కాదు, విత్తనం తన పిలకకు ఆహారంగా దాచుకున్న సరుకు. రెండోది గాలిలో తేలిపోగల చిన్న చిన్న అణువుల కలగూర. మొక్క దాన్ని పురుగును తరమడానికో, శిలీంధ్రాన్ని ఆపడానికో, తేనెటీగను పిలవడానికో తయారుచేసుకుంటుంది.

నిమ్మాకునో కరివేపాకునో ఎండకు అడ్డంగా పెట్టి చూస్తే వెలుతురు దూరే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి తైలపు తిత్తులు. పుదీనాకైతే తిత్తులు ఆకు పైనే ఉంటాయి, వేలితో రాస్తే చాలు పగులుతాయి. నిమ్మగడ్డికి ఆకు లోపలి కణాల్లో ఉంటాయి. వట్టివేరుకు వేళ్లలో, చందనానికి చేవలో. ఎంత లోతున దాగితే బయటికి రావడానికి అంత ఎక్కువసేపు పడుతుంది.

ఈ అణువులన్నిటినీ వరుసలో పెట్టి చూసినవాడు జర్మనీకి చెందిన ఒట్టో వాలాఖ్. ఐసోప్రీన్ అనే ఐదు కార్బన్ల ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటే ఈ పదార్థాల నిర్మాణం అర్థమవుతుందని ఆయన చూపించాడు. 1910లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. రెండు ముక్కలు అతికితే పది కార్బన్ల అణువు: నారింజ తొక్కలోని లిమోనీన్, నిమ్మగడ్డిలోని సిట్రాల్, గులాబీలోని జెరానియాల్, పుదీనా పువ్వు అన్నీ ఈ లెక్కలోవే. మూడు ముక్కలు అతికితే పదిహేను. చందనంలోని శాంటలాల్, వట్టివేరు వాసనలోని ప్రధాన పదార్థాలు ఈ రెండో గుంపువి. బరువెక్కువ కాబట్టి మెల్లగా ఆవిరవుతాయి. నిమ్మవాసన నిమిషాల్లో పోతే చందనం పూత సాయంత్రం దాకా నిలవడానికి కారణం ఇదే. లవంగంలో, తులసిలో ఉండే యూజెనాల్, దాల్చినచెక్క వాసన వేరే దారిలో పుడతాయి. వాటిలో ఐసోప్రీన్ ముక్కలు ఉండవు.

ఈ శాస్త్రానికి మద్రాసులోనూ ఒక పుట ఉంది. ప్రెసిడెన్సీ కాలేజీలో 1910 నుంచి రసాయన శాస్త్రం చెప్పిన జాన్ లియోనెల్ సైమన్‌సెన్ తర్వాతి కాలంలో భారతదేశపు టర్పెంటైన్‌ను పరిశోధించి కారీన్ అనే కొత్త అణువును గుర్తించాడు. టెర్పీన్ల మీద ఆయన రాసిన సంపుటాలను ప్రపంచమంతా చదివింది. లక్నోలో ఉన్న మెక్‌మాన్‌తో కలిసి ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు పునాది వేసిందీ ఆయనే. మన అడవుల వాసనల మీద ఇక్కడే ఉండి ఇంత పని జరిగిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లోకి రావలసింది.

ఇంకో విశేషం. పుదీనా పచ్చడిలో వచ్చే వాసనకు మూలం కార్వోన్. సోయికూర గింజల్లో వచ్చే వాసనకూ మూలం కార్వోనే. అవే పరమాణువులు, అదే లెక్క, అదే బరువు. ఎడమచెయ్యి, కుడిచెయ్యి ఒకే ఆకారంలో ఉండీ ఒకదాని తొడుగు ఇంకొకదానికి పట్టనట్టు ఈ రెండూ అద్దంలో ప్రతిబింబాలు. మన ముక్కులోని గ్రాహకాలు ఆ తేడాను ఇట్టే పట్టేస్తాయి.

నూరు డిగ్రీల లోపే

సిట్రాల్ విడిగా మరగాలంటే 229 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి తగిలితే వాసన చెడిపోతుంది. మరి ఆకులోంచి దాన్ని నీటి ఆవిరి ఎలా లాగుతుంది? నూనె నీటిలో కలవదు కదా, ఆ కలవకపోవడమే ఇక్కడ ఉపాయం. కలవని రెండు ద్రవాలు ఒకే పాత్రలో వేడెక్కినప్పుడు దేని ఆవిరి ఒత్తిడి దానిదే. రెండు ఒత్తిళ్లూ కూడితే బయటి గాలి ఒత్తిడికి సమానమైన క్షణాన రెండూ కలిసి మరుగుతాయి. నీరు ఒక్కటే ఉంటే 100 డిగ్రీల దాకా ఆగాలి. నూనె కూడా కొంత ఒత్తిడి అందిస్తుంది కాబట్టి 99 పైచిల్లరకే పని జరిగిపోతుంది. 229 డిగ్రీల పదార్థం నూరు లోపే బట్టీ దాటి వస్తుంది. ఇంత తేలికైన సూత్రం మీద ఇంత పెద్ద పరిశ్రమ నిలబడి ఉందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇక చేను దగ్గరికి వెళదాం. నిమ్మగడ్డిని మన మెట్ట భూముల్లోనూ వేస్తున్నారు. కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమాప్ 1959లో ఏర్పడింది, దాని ప్రధాన కేంద్రం లక్నోలో ఉంది. హైదరాబాద్ బోడుప్పల్‌లో దాని పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. ఆ సంస్థ ఇచ్చిన ‘కృష్ణ’ రకం రైతులకు తెలిసిన పేరే. పిలకలు నాటిన నాలుగైదు నెలలకు మొదటి కోత. ఆ తర్వాత రెండు మూడు నెలలకు ఒకసారి కోయవచ్చు. ఒకసారి నాటితే నాలుగైదేళ్లు చేనులో ఉంటుంది. ఘాటు వల్ల పశువులు దీన్ని ముట్టవు. అడవి పక్కన పొలాలున్న రైతులు దీని వైపు చూడటానికి అది పెద్ద కారణం.

కోసిన గడ్డిని వెంటనే డ్రమ్ములో కుక్కకూడదు. నీడలో పలచగా పరిచి ఒక పూట, మహా అయితే ఒక రోజు వాడనివ్వాలి. పైపై తేమ పోతే డ్రమ్ములో ఎక్కువ గడ్డి పడుతుంది, కట్టెలు మిగులుతాయి. తొందరపడి కుప్ప పోస్తే మధ్యలో వేడి పుట్టి గడ్డి పులుస్తుంది. ఆ పులిసిన వాసన నూనెలోకి దిగుతుంది. గడ్డిని డ్రమ్ములో సమంగా తొక్కాలి. ఎక్కడైనా సందు మిగిలితే ఆవిరి ఆ సందులోంచే పైకి పోతుంది, చుట్టూ ఉన్న గడ్డిని తాకదు. బాయిలర్ నుంచి ఆవిరి కిందినుంచి ఎక్కి, గడ్డిని తడుపుతూ, తైలాన్ని వెంటబెట్టుకుని పైగొట్టంలోంచి కండెన్సర్‌లోకి దిగుతుంది. అక్కడ చుట్టూ పారే నీళ్లు చల్లగా ఉండాలి. వేసవి మధ్యాహ్నం ఆ నీళ్లు వేడెక్కితే గొట్టం చివర ఘుమఘుమలాడుతుంది. ఆ ఘుమఘుమ గాలిలో కలిసిపోతున్న రైతు డబ్బు.

చివర ఉన్న పాత్రలో నూనె పైకి తేలుతుంది, నీరు కిందినుంచి పోతుంది. లవంగ నూనెకు ఇది తలకిందులు, అది నీటికన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది. నిమ్మగడ్డి డ్రమ్ము దిగడానికి రెండు మూడు గంటలు చాలు. ముందే ఆపితే నూనె గడ్డిలోనే ఉండిపోతుంది. ఆపకుండా లాగితే కట్టెలు వృథా. టన్ను పచ్చిగడ్డికి సుమారు 5 నుంచి 8 కిలోల నూనె వస్తుంది. ఆవిరి పట్టగా మిగిలిన గడ్డి ఎండాక మళ్లీ అదే బాయిలర్‌కు ఇంధనం. డ్రమ్ము తుప్పు పట్టి ఉంటే నూనె రంగు ముదురుతుంది. అందుకే స్టెయిన్‌లెస్ స్టీలు ఖర్చు ఎక్కువైనా దండగ కాదు.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు సాక్ష్యాలు చూడండి. గులాబీని ఆవిరి పడితే దాని తీపి వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీటిలో కరిగిపోతుంది. పన్నీరు అంత బాగా వాసన వేయడానికి కారణం నూనె పోగొట్టుకున్నదంతా అందులో చేరడమే. అందుకే బట్టీ మనిషి ఆ నీటిని మళ్లీ మళ్లీ పాత్రలో పోసి మరిగిస్తాడు. అంత చేసినా ఒక కిలో గులాబీ నూనెకు మూడున్నర, నాలుగు టన్నుల రేకులు కావాలి. సీమ చామంతి జాతికి చెందిన క్యామొమైల్ పువ్వు తెల్లగా, పసుపుగా ఉంటుంది. దాని నూనె మాత్రం ముదురు నీలం. ఆ నీలం పువ్వులో లేదు. రంగు లేని మాట్రిసిన్ అనే పదార్థం ఆవిరి వేడికి విరిగి నీలపు కమాజులీన్‌గా మారుతుంది. బట్టీలో పుట్టే రంగు అది.

మల్లె జాతి పూలకు ఆవిరే పనికిరాదు. ఆ వేడికి వాసన చెడుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో ఒకప్పుడు గాజు పలకల మీద కొవ్వు పూసి, దానిమీద పూలు పరిచి, రోజూ పాత పూలు తీసి కొత్తవి వేసేవారు. కోసిన తర్వాత కూడా జాజి వాసన పుట్టిస్తూనే ఉంటుంది, ఆ వాసనను కొవ్వు పీల్చుకునేది. నేడు హెక్సేన్ అనే ద్రావణిలో పూలను నానబెడుతున్నారు. ద్రావణిని ఆవిరి చేశాక మిగిలే మైనపు ముద్దను కాంక్రీట్ అంటారు. దాన్ని ఆల్కహాల్‌తో కడిగి మైనం తీసేస్తే అబ్సల్యూట్. తమిళనాడు మల్లెలు, జాజులు ఈ దారినే ప్రపంచపు అత్తరు సీసాల్లోకి వెళుతున్నాయి. జాజి వాసనలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. విడిగా, ఎక్కువగా పీలిస్తే దుర్గంధం. అది లేకుండా కలిపిన జాజి అత్తరు పేలవంగా ఉంటుంది.

నిమ్మ, నారింజ తొక్కలకు వేడే అక్కర్లేదు, నొక్కితే చాలు. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు, 74 బార్ల ఒత్తిడి దాటించి దానితో తైలం లాగే పద్ధతి కూడా వచ్చింది. పదార్థం చెడదు, ద్రావణి మిగలదు. యంత్రం ఖరీదే అడ్డు.

మొగలి పొదల దారిలో

ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా. బరంపురం చుట్టుపక్కల తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. సముద్రానికి దగ్గరగా పొలాల గట్ల మీద, ఇసుక నేలల్లో ముళ్ల మొగలి పొదలు కంచెకట్టినట్టు పెరుగుతాయి. మొగలిలో ఆడ పొద వేరు, మగ పొద వేరు. వాసన మగ పువ్వుకే. వానాకాలంలో తెల్లవారకముందే పూలు కోస్తారు, ఎండ ఎక్కితే వాసన పలచబడుతుంది. కోసిన పూలు ఆ పూటే బట్టీ చేరాలి.

బట్టీ అంటే మట్టి పొయ్యి మీద కూర్చోబెట్టిన రాగి డేగ్. వందల పూలు నీళ్లలో వేసి, మూత అంచులకు మట్టి మెత్తి, అందులోంచి వెదురు గొట్టాన్ని పక్కన నీళ్ల తొట్టిలో ఉన్న భప్కా అనే రాగి పాత్రలోకి దించుతారు. కన్నౌజ్‌లో అత్తరు తీసే పద్ధతి ఇదే. మీటర్లు, గడియారాలు ఉండవు. భప్కాను చేతితో తడిమి ఎంత వేడెక్కిందో చూసి, దాన్నిబట్టి మంట పెంచడమో తగ్గించడమో చేస్తారు. భప్కాలో నీరు మాత్రమే పడితే అది మొగలి జలం. హైదరాబాద్ బిర్యానీ మీద చిలకరించే కేవడా నీళ్లు ఇవే. భప్కాలో ముందే చందన తైలం పోసి ఉంచితే వచ్చిన వాసనను అది పట్టుకుంటుంది, మొగలి అత్తరు తయారవుతుంది. ఏమీ కలపకుండా తీసిన నూనెను రూహ్ అంటారు, ఆత్మ అని అర్థం. గంజాం మొగలి పువ్వుకూ, ఆ రూహ్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది.

ఈ నూనెలో సగానికి పైగా ఉండేది ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థం. అది ఫ్యాక్టరీలో చవగ్గా తయారవుతుంది. బజారులో కేవడా ఎసెన్స్ అని అమ్మే సీసాల్లో చాలావాటికి పువ్వుతో సంబంధం లేదు. తినడానికి అనుమతి ఉన్న కృత్రిమ సుగంధంతో ప్రమాదం ఏమీ లేదు, ఆ మాట సీసా మీద స్పష్టంగా ఉంటే చాలు. కానీ తెల్లవారుజామున ముళ్లలో చేతులు పెట్టి పువ్వు కోసేవాళ్ల కూలి ఆ చవక సీసా ధరతో పోటీపడాల్సి రావడం అన్యాయం. మొగలి వేళ్లు తీరపు ఇసుకను పట్టి ఉంచుతాయి. పువ్వుకు ధర లేని రోజున ఆ పొదను గట్టు మీద ఎవరూ ఉంచరు.

నిమ్మగడ్డి ఎక్కిన ఓడలు

చందనం కథలో ఒక యుద్ధం ఉంది. మైసూరు చందనపు దుంగలు వేలంలో అమ్ముడై ఐరోపాకు, ముఖ్యంగా జర్మనీకి పోయేవి. నూనె అక్కడ తీసేవారు. 1914లో యుద్ధం మొదలై ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్ ఇక్కడే నూనె తీసే పద్ధతిని నిలబెట్టారు. 1916లో బెంగళూరులో, మరుసటి ఏడాది మైసూరులో ఫ్యాక్టరీలు వచ్చాయి. 1918లో మైసూర్ శాండల్ సబ్బు వచ్చింది. దుంగలు అమ్ముకున్న దేశం తైలం అమ్మడం నేర్చుకుంది.

నిమ్మగడ్డి నూనె ఇంకా దూరం పోయింది. కొచ్చి రేవు నుంచి ఎగుమతయ్యేది కాబట్టి ప్రపంచానికి అది కొచ్చిన్ నూనె. 1893లో జర్మనీలో టీమన్, క్రూగర్ అనే ఇద్దరు సిట్రాల్ నుంచి అయనోన్ తయారుచేశారు. వయొలెట్ పువ్వు వాసన అది. అప్పటిదాకా సంపన్నులకే అందిన ఆ పరిమళం మామూలు సబ్బులోకి వచ్చింది. తర్వాత అదే అయనోన్ విటమిన్ ఎ తయారీకి మెట్టు అయ్యింది, 1947లో రోష్ కంపెనీకి చెందిన ఒట్టో ఈస్లర్ ఆ దారి వేశాడు. గడ్డి వాసనలోంచి కంటిచూపుకు కావలసిన విటమిన్ వస్తుందని విన్నప్పుడు రసాయన శాస్త్రం మీద ప్రేమ పుట్టకుండా ఉండదు.

ఆ తర్వాత కంపెనీలు సిట్రాల్‌ను పెట్రోలియం సరుకు నుంచే చేయడం మొదలుపెట్టాయి. గడ్డి రైతుకు దెబ్బ తగిలింది. ఆ కృత్రిమ దారి ఎంత సన్ననిదో కూడా ఒకసారి తెలిసొచ్చింది. 2017 అక్టోబరు చివర జర్మనీలో లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బీఏఎస్ఎఫ్ కంపెనీ సిట్రాల్ ప్లాంటులో మంటలు చెలరేగితే ప్రపంచమంతా విటమిన్ ఎ కొరత వచ్చింది.

డబ్బాలో ఉన్నది మందే

కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కర్పూరం, నీలగిరి తైలం, పుదీనా పువ్వు కలిసిన ఆ పసుపు లేపనం సంపాదించిపెట్టిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది, 1924లో భారతి వచ్చింది. తెలుగు పత్రికా రంగం, ఆధునిక సాహిత్యం ఒక తైలపు డబ్బాకు ఎంత రుణపడ్డాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. హైదరాబాద్‌లో 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన జిందా తిలిస్మాత్‌లోనూ ప్రధానమైనది నీలగిరి తైలమే.

ఇవి పనిచేసే తీరు కూడా విశేషమే. మెంథాల్ రాస్తే చర్మం చల్లబడదు. చలిని గుర్తించే నాడీ గ్రాహకం ఒకటి మెంథాల్ తగిలితే చాలు చలి తగిలినట్టు మెదడుకు కబురు పంపుతుంది. ఆ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటాపూటియన్ వేర్వేరుగా మెంథాల్ సాయంతోనే కనిపెట్టారు, 2021లో ఇద్దరూ నోబెల్ పంచుకున్నారు. పడిశం పట్టినప్పుడు మెంథాల్ పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. కొలిచి చూస్తే లోపలి దారి వెడల్పు మారదు. ఊపిరి తేలికైందన్న భావన కలుగుతుంది, ఆ ఉపశమనం నిజమైనదే. జబ్బు తగ్గడం మాత్రం వేరే సంగతి.

మామిడి తోటల్లో ఈ రసాయనం వేరే పని చేస్తోంది. పండుఈగను పట్టే బుట్టల్లో పెట్టే మిథైల్ యూజెనాల్ కొన్ని తులసి జాతుల్లో సహజంగా ఉండేదే. మగ ఈగలు ఎక్కడున్నా దానికోసం వచ్చి పడతాయి. మగవి తగ్గితే గుడ్లు తగ్గుతాయి, కాయ మీద మందు చల్లే పని తగ్గుతుంది. తైలాల ఉపయోగాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇంట్లో వాడే వాళ్లకు మాత్రం గట్టిగా చెప్పాల్సిన మాటలున్నాయి. చెట్టు నుంచి వచ్చింది కదా ఏమీ కాదులే అనుకోవడం చాలా ప్రమాదం. టన్ను గడ్డిలో ఉన్నది కొన్ని కిలోల్లోకి వచ్చిందంటే అది ఆకు కాదు, గాఢమైన రసాయనం. కర్పూరం మింగిన పసిపిల్లలకు నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. రెండేళ్ల లోపు పిల్లల ముఖానికి, ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం ఉన్న ఏ లేపనమూ రాయకూడదు. నొప్పులకు వాడే వింటర్‌గ్రీన్ నూనె ఒక్క చెంచాలో సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానమైన మందు ఉంటుంది, పిల్లల ప్రాణానికే ముప్పు. సీసాలు ఎత్తు మీద, తాళంలో ఉండాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెద్దవాళ్లు ఒంటికి రాసుకునేటప్పుడు కూడా కలపకుండా రాయకూడదు. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలోనో నువ్వుల నూనెలోనో ఆరు చుక్కలు వేస్తే దాదాపు ఒక శాతం అవుతుంది, చర్మానికి అది చాలు. నొక్కి తీసిన నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు. ఆవిరి పట్టి తీసిన నిమ్మ నూనెలో ఆ గుణం ఉండదు, ఎందుకంటే ఎండతో చేరి కాల్చే ఆ బరువైన పదార్థాలు ఆవిరితో పైకి రావు. తీసిన పద్ధతి సీసా మీద ఎందుకు రాయాలో ఈ ఒక్క ఉదాహరణ చాలు. గాలి తగిలి పాతబడిన నారింజ, టీట్రీ నూనెలు దద్దుర్లు తెస్తాయి. వాటిని రంగు సీసాలో, చల్లటి చోట ఉంచాలి, వాసన మారితే పారబోయాలి. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు.

కొనేటప్పుడు మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, ఏ పద్ధతిలో, ఎప్పుడు అన్నవి సీసా మీద లేకపోతే పక్కన పెట్టండి. చందనం, గులాబీ, మొగలి నూనెలు అన్నీ ఒకే చవక ధరకు ఒకే వరుసలో కనిపిస్తే అవి నిజమైనవి కావు. ఏ పువ్వుకు ఎన్ని టన్నులు కావాలో పైన చూశాం.

కల్తీని ముక్కుతో పట్టడం అనుభవజ్ఞులకే కష్టం. గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే పరీక్ష నూనెలోని ప్రతి పదార్థాన్నీ విడదీసి శాతాలు చూపిస్తుంది. 1952లో జేమ్స్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన ఈ పద్ధతి మీదే నేటి సుగంధ తైలాల వ్యాపారమంతా నడుస్తోంది. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ 75 శాతం దాటిందా లేదా అన్నదాని మీద ధర మారుతుంది. ఆ అంకె కొనేవాడి దగ్గర ఉండి రైతు దగ్గర లేకపోతే బేరం సమానంగా జరగదు. డ్రమ్ములకూ బాయిలర్లకూ సాయం చేసే పథకాలు ఈ పరీక్షను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మండలానికి ఒక నమూనా సేకరణ కేంద్రం పెట్టి, రైతు తెచ్చిన చిన్న సీసాను తక్కువ రుసుముతో పరీక్షించి ఫలితం చేతికిస్తే చాలా మార్పు వస్తుంది.

నాటే ముందే రైతు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కోసిన గడ్డి ఒక్క రోజులో చేరగలిగే దూరంలో ఆవిరి యూనిట్ ఉందా? కోతల రోజుల్లో అందరి గడ్డీ ఒకేసారి వస్తే వరుస ఎలా? కండెన్సర్‌కు వేసవిలో చల్లటి నీళ్లు ఎక్కడివి? నీడలో ఆరబెట్టే చోటు ఎంత? నూనె అమ్ముడయ్యేదాకా నింపి ఉంచడానికి శుభ్రమైన అల్యూమినియం డబ్బాలు ఉన్నాయా? కొనేవాళ్లు ఊరికే కిలో ధర చెబుతున్నారా, సిట్రాల్ శాతానికి ఇంత అని చెబుతున్నారా? ఆ మాట మొదటి పిలక నేలలో పెట్టకముందే కాగితం మీద రాయించుకోవాలి.